ఇరవై రెండు లీటర్లు

రాత్రి మూడింటికి మొదటి మంద.
ఇసుక ఇంకా చల్లారలే.
ఖర్జ్ ఊరి దీపాలు ఎక్కడ్నో దూరంగ,
షెడ్డుల నీళ్ల పొగ, ఫ్యాన్ల మోత,
నాలుగు వందల ఆవులు ఒక్కటే తీరుగ రొప్పుతున్నయి.

పొదుగు కడిగి, తుడిచి,
తొలి చారలు నల్ల గిన్నెల పిండి చూస్త.
తునకలు కనవడితే కాలికి ఎర్ర పట్టీ.
ఆ పాలు నాలుగొద్దులు మోరీ పాలు.
సూదిమందు ఖర్చు వేరే కాయితం మీద.
రాసేది నేనే.

మేనేజరు కీరన్ ఐర్లాండోడు.
మందుల డబ్బా చింపి అట్ట వెనక లెక్కలేస్తడు.
గడ్డి ఓడ దిగొస్తది, టన్నుకింత.
బోరుకు డీజిలు, ఫ్యాన్లకు కరెంటు,
మక్క దాణా మొన్న మళ్ల పెరిగింది.
పాల ధర మాత్రం పదహారు నెలల్నించి
కట్టేసిన దూడ.
అంతా కూడి, తలల మీద పంచి,
కింద రెండు గీతలు కొట్టి చూపిచ్చిండు:
ఇరవై రెండు.
రోజుకు ఇరవై రెండు లీటర్లు ఇయ్యని ఆవు
గడ్డి తింటలేదు, మన జీతాలు తింటుంది అన్నడు.
జీతం మాట తనే ఎత్తి
తనే తల వంచుకున్నడు.
రెండు నెలలైతంది.

చాయ్ తాగుతుంటే వాళ్లన్న ఫోను.
అక్కడ తొంబై ఆవులు, ఒకటే వాన.
చేనంత బురద, మందను బయటికి తోలేటట్టు లేదట.
కోసిన గడ్డి కోసినట్టే మురిగిందట.
బ్యాంకోడు రెండో జాబు పంపిండట.
ఫోను పెట్టేసి కీరన్ నా దిక్కు చూసి నవ్విండు:
"వాడు వానను తిడుతుండు, నేను ఎండను."
మేత బిల్లుకు ఎండా లేదు, వానా లేదు.

నా కత నేను చెప్పలే.
మల్యాలల మాకు రెండు బర్రెలుండె.
కేంద్రంల గాజు గొట్టం తిప్పి వెన్న శాతం చూసి
చీటీ రాసిచ్చేటోడు.
పదిహేనొద్దులకు బిల్లు.
తవుడు సేటు కేంద్రం గడపల్నే నిలబడి పట్టుకపోయేటోడు.
చీటీలన్ని రజిత సూది దారంతో కుట్టి పెట్టింది,
పుస్తకం లెక్క.
బర్రెలమ్మి వీసా కొన్న.
వీసా కొని ఆవుల కాడికొచ్చిన.

నిన్న కటికె లిస్టు.
నేను చదవాలె, కీరన్ టిక్కు పెట్టాలె.
పదకొండు నంబర్లు.
2206 కాడ నా నోరు దాటేసింది.
కావాలని చేసిన అనుకునేరు, కాదు.
కావాలనే.

అదేం ముద్దుల ఆవు గాదు. తంతది.
జూన్ల నా మోచెయ్యి వాసింది దాని తన్నుకే.
మూడు సార్లు సూదేసినా చూడి నిలవలే.
పద్దెనిమిదిన్నర ఇస్తంది.
గని కరెంటు పోయి జనరేటర్ల డీజిల్ లేని రాత్రి,
పన్నెండు నిమిషాలు షెడ్డంత ఊపిరాడక తొక్కులాడంగ
అదొక్కతే కదలకుండ నిలబడ్డది.
నేను దాన్ని ఆనుకుని నిలబడ్డ.

కీరన్ లెక్కవెట్టిండు: పది.
మళ్ల వేళ్ల మీద లెక్కవెట్టిండు.
నా మొఖం చూసిండు.
అట్టను మడిచి జేబుల పెట్టుకున్నడు.
అబూ రాకాన్ లారీ శనివారం వస్తది.

ఇయ్యాల పొద్దుగాల దాని తొట్టిల
దోసెడు దాణా ఎక్కువేసిన.
దొంగతనమే. ఏ కాయితం మీదా రాయలే.
సాయంత్రం మీటరు చూస్తే పంతొమ్మిదింబావు.
రఫీకుల్ బోర్డు కాడ చాక్‌పీసు పట్టుకున్నడు.
"ఇరవై అని రాయి" అన్న.
వాడు చెయ్యి ఆపి అడిగిండు:
"ఆ ముప్పావు లీటరు ఎవల జీతంల కోస్తరు, భాయ్?"